మామ్మ కంచు గిన్నెని అనుమానించకు, ముందు వేళ్లు నీళ్లలోంచి తీసి మళ్లీ కొలువు

బాబూ, నీ ప్రశ్న మొత్తం రెండుసార్లు చదివాను. తరవాత చదివేవాళ్లకి కూడా తెలియాలి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. రాజాంలో మీ ఇంట్లో మామ్మగారి నాటి కంచు గిన్నె ఉంది. పాత సామాన్లు కొనే కొట్లో చూపిస్తే ఆయన ఒకసారి వేలితో కొట్టి చూసి "ఇది కంచు కాదు, ఏదో కల్తీ" అన్నాడు. నువ్వు ఇంటికొచ్చి, 20 సెంటీమీటర్ల నోరున్న స్టీలు గిన్నెలో అంచుదాకా నీళ్లు పోసి, కంచు గిన్నెని వేళ్లతో పట్టుకుని పూర్తిగా ముంచి, కింద పళ్లెంలో పడ్డ నీళ్లని జార్‌లో పోసి కొలిస్తే 85 మిల్లీలీటర్లు వచ్చాయి. గిన్నె బరువు 612 గ్రాములు. 612ని 85తో భాగిస్తే 7.2. కంచు సాంద్రత 8.6 పైన ఉండాలని ఎక్కడో చదివావు కాబట్టి కొట్టాయన మాటే నిజమేమోనని అడుగుతున్నావు.

నీ కొలతని బట్టి గిన్నె కల్తీదని చెప్పలేం. అసలు ఆ 7.2 అనే అంకెనే నేను నమ్మను. ఎందుకు నమ్మనో, ఎలా కొలిస్తే నమ్ముతానో చెబుతాను. నేను గరివిడి దగ్గర మాంగనీసు ముడిరాయి శాంపిళ్లు చూసే ల్యాబ్‌లో ఇరవై ఏళ్లకి పైగా పనిచేశాను. రాయిని నీళ్లలో వేలాడదీసి తూచడమే అక్కడ నా రోజువారీ పని, అందుకే ఈ విషయంలో కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదువు.

7.2 అంటే ఏ లోహమో చూడు. జింకు 7.14, తగరం 7.3, పోత ఇనుము 7.2 దగ్గర. ఈ మూడింట్లో ఏదీ పసుపు రంగులో ఉండదు. రాగి 8.96. రాగిలో తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి. నీ గిన్నె పసుపు గోధుమ రంగులో ఉందని నువ్వే రాశావు, అంటే అందులో ఎక్కువ భాగం రాగే. రాగి సగానికి మించి ఉన్న ఇత్తడి గానీ కంచు గానీ 7.2కి దిగదు. ఎంత జింకు కలిపినా, పసుపు రంగు పోకుండా ఉండాలంటే మామూలు ఇత్తడి 8.3కి కిందకి రాదు. కంటికి కనిపించే రంగు ఒకటి చెబుతుంటే అంకె ఇంకొకటి చెబుతోంది. అలాంటప్పుడు వస్తువు మీద కాదు, ముందు కొలత మీద అనుమానం రావాలి.

గిన్నె నిజంగా 8.65 ఉంటే దాని ఘనపరిమాణం ఎంతుండాలి? 612 బై 8.65, దాదాపు 71 మిల్లీలీటర్లు. నీకు 85 వచ్చింది, అంటే 14 మిల్లీలీటర్లు ఎక్కువ. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నదే నీ ప్రశ్నలో అసలు విషయం.

నీ బొటనవేలు, ఇంకో రెండు వేళ్లు నీళ్లలోకి వెళ్లాయి కదా. వేలి మందం 1.6 సెంటీమీటర్లు అనుకో, అడ్డకోత వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో వేలు రెండున్నర సెంటీమీటర్లు మునిగితే 5 మిల్లీలీటర్లు, మూడు వేళ్లకి 15. అయిపోయింది, నీ 14 అక్కడే దొరికాయి. నీళ్లకి వేలని, కంచని తేడా తెలియదు, మునిగిన ప్రతిదీ తన చోటుకి సరిపడా నీళ్లని పక్కకి తోసేస్తుంది.

వేళ్లు తీసేసినా నీ పద్ధతిలో ఇంకో గట్టి ఇబ్బంది ఉంది. అంచుదాకా నీళ్లు పోశానన్నావు. అంచుదాకా నిండిన గిన్నెని పక్కనుంచి కళ్ల ఎత్తులో పెట్టి చూడు, నీళ్లు అంచు కంటే పైకి ఉబ్బి నిలబడతాయి, వెంటనే ఒలకవు, నీటి పైపొర బిగువు వాటిని పట్టి ఉంచుతుంది. ఆ ఉబ్బు ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా 20 సెంటీమీటర్ల నోరున్న గిన్నెలో అది 31 మిల్లీలీటర్లు! నువ్వు కొలవాల్సింది 71, నీ గిన్నె అంచు దగ్గరే 31 అటూ ఇటూ అవుతోంది. ఒకసారి ఒలకడం మొదలైతే ఉబ్బు మొత్తం ఒక్కసారి జారిపోవచ్చు, లేదా వస్తువు ముంచాక కూడా కొంత పైనే ఆగిపోవచ్చు. పళ్లెంలో పడ్డవి జార్‌లోకి వంపేటప్పుడు పళ్లేనికి అంటుకున్న తడి ఇంకో మూడు నాలుగు మిల్లీలీటర్లు. ఆ జార్ మీద గీతలు 10కి ఒకటి ఉన్నాయన్నావు, అంటే నువ్వు 85 అన్నది రెండు గీతల మధ్య కంటి అంచనా. 80 అయితే సాంద్రత 7.65, 90 అయితే 6.8. గిన్నె బరువు ఎంత బాగా తూచినా, కింద భాగించే అంకె ఇలా ఊగుతుంటే లాభం లేదు.

ఇది నీ ఒక్కడి పొరపాటు కాదు. బళ్లో మనందరికీ చెప్పిన ఆర్కిమెడిస్ కిరీటం కథలోనూ ఇదే చిక్కు ఉంది. స్నానాల తొట్టిలోంచి లేచి పరుగెత్తిన కథ ఆర్కిమెడిస్ తనే రాసుకున్నది కాదు, ఆయన పోయాక సుమారు రెండు వందల ఏళ్లకి విట్రూవియస్ అనే రోమన్ వాస్తుశిల్పి రాసింది. కిలో బరువున్న కిరీటం అనుకుందాం. మొత్తం బంగారమైతే 52 మిల్లీలీటర్లు. అందులో 300 గ్రాములు తీసి వెండి కలిపితే 65. తేడా 13. కిరీటం పట్టాలంటే పాత్ర నోరు కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి కదా, అందులో ఈ 13 మిల్లీలీటర్ల వల్ల నీటి మట్టంలో వచ్చే తేడా 0.4 మిల్లీమీటరు. దాన్ని కంటితో పట్టుకోవడం అసాధ్యం అనను గానీ, రాజు ముందు కంసాలి తల తీయించేంత నమ్మకంగా మాత్రం చెప్పలేం. 1586లో, 22 ఏళ్ల వయసులో గెలీలియో కూడా ఇదే అభ్యంతరం లేవదీశాడు, ఆర్కిమెడిస్ అంతటివాడు నీళ్లు ఒలికించి కొలిచి ఉండడు, త్రాసుకి వేలాడదీసి నీళ్లలో తూచి ఉంటాడని ఒక చిన్న వ్యాసం రాసి, అలాంటి త్రాసు ఎలా చేయాలో కూడా వివరించాడు. నీకు నేను చెప్పేదీ అదే. నీళ్ల ఎత్తు చూడకు, ఒలికిన నీళ్లు కొలవకు, నీటి బరువుని కాటా చేత చెప్పించు.

ఎలాగో చూడు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఉంటే చాలు, 5 కిలోల వరకు తూచేది, 1 గ్రాము తేడా చూపించేది. దాని మీద గిన్నె మొత్తం మునిగేంత లోతున్న ప్లాస్టిక్ డబ్బా పెట్టి నీళ్లు పొయ్యి. అంచుదాకా వద్దు, నాలుగు వేళ్లు ఖాళీ ఉండాలి. డబ్బా, నీళ్లు కలిపి కాటా మోయగలిగే బరువు దాటకూడదు. ఇప్పుడు రెండు కుర్చీల మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, దానికి గిన్నెని వేలాడదియ్యి. చెవుల్లేని గిన్నె కాబట్టి ఉట్టి కట్టినట్టు కింద నుంచి దారం అల్లి కట్టాలి. నూలు దారం వద్దు, అది నీళ్లు తాగుతుంది. గాలానికి వాడే సన్నటి నైలాన్ దారం తీసుకో, కళింగపట్నం వైపైనా భావనపాడు వైపైనా వేట సామాన్ల కొట్టు ఏదైనా దొరుకుతుంది. 0.4 మిల్లీమీటర్ల దారం అర మీటరు మునిగినా దాని ఘనపరిమాణం 0.06 మిల్లీలీటరే, పట్టించుకోనక్కర్లేదు.

కాటా మీద నీళ్ల డబ్బా ఒక్కటే ఉన్నప్పుడు రీడింగ్ రాసుకో. తరవాత గిన్నె పూర్తిగా మునిగేలా, కానీ అడుక్కీ పక్కలకీ తగలకుండా దింపి మళ్లీ రీడింగ్ రాసుకో. రెండింటి తేడా గ్రాముల్లో ఎంతో, గిన్నె తోసేసిన నీళ్ల బరువు అంత. ఒక గ్రాము నీళ్లు ఒక మిల్లీలీటరు కాబట్టి అదే గిన్నె ఘనపరిమాణం. చాలామందికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది, గిన్నెని దారం మోస్తోంది కదా, మరి కాటా మీద బరువు ఎందుకు పెరుగుతుందని. నీళ్లు గిన్నెని పైకి నెడుతున్నాయి, అంతే బలంతో గిన్నె నీళ్లని కిందకి నెడుతుంది, ఆ నెట్టుడు డబ్బా ద్వారా కాటాకి చేరుతుంది. గిన్నె బరువులో మిగతాది దారం మోస్తుంది. అందుకే గిన్నె అడుక్కి తగిలితే కొలత మొత్తం పోతుంది, దారం మొయ్యాల్సింది డబ్బా అడుగు మోస్తుంది, అంకె ఒక్కసారిగా వందల్లోకి ఎగబాకుతుంది. అలా ఎగబాకితే తగిలిందని గుర్తు.

నీ ప్రశ్న చదివిన సాయంత్రం మా ఇంట్లో ఉన్న బుడితి కంచు గ్లాసు తీసి ఇదే చేశాను. బుడితి అంటే శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలో ఊరు, కంచు, ఇత్తడి పనికి పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది ఆ పనికి. గ్లాసు మామూలు తూకంలో 287 గ్రాములు. నీళ్ల డబ్బా రీడింగ్ 1846. గ్లాసు దింపాను, 1881 చూపించింది. వెంటనే రాసుకోలేదు. వంగి పక్కనుంచి చూస్తే గ్లాసు లోపల అడుగున గోళీ అంత బుడగ ఒకటి ఇరుక్కుని ఉంది, బయట గోడ మీద ఆవగింజలంత బుడగలు వరసగా అంటుకుని ఉన్నాయి. గ్లాసు పైకి తీసి, ఈసారి ఏటవాలుగా వంచి ముంచి, తడి వేలితో చుట్టూ రాసి, వేలు తీసేశాను. అంకె 1879కి దిగి నిలబడింది. తేడా 33. 287 బై 33 అంటే 8.7. బుడగలతో వచ్చిన 35 తీసుకుని ఉంటే 8.2 వచ్చేది, కంచు గ్లాసుని పట్టుకుని ఇత్తడి కన్నా తక్కువరకం అనుకునేవాణ్ణి. రెండే రెండు మిల్లీలీటర్ల గాలి!

ఆ బుడగల మాట కాస్త పట్టించుకో. బోరు నీళ్లు అప్పుడే కొట్టినవైతే వాటిలో కరిగిన గాలి కాసేపటికి లోహానికి అంటుకుని పైకి తేలుతుంది. నీళ్లు ముందురోజు రాత్రి పట్టి పక్కన పెట్టు, ఇంకా మంచిది ఒకసారి మరగబెట్టి చల్లార్చు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేస్తే నీళ్లు లోహాన్ని బాగా తడుపుతాయి, బుడగలు నిలవవు. గిన్నె ముందుగా చింతపండుతో తోమి ఆరబెట్టు, నూనె జిడ్డు ఉంటే బుడగలు వదలవు. పల్చటి చిలుము, లోపల కళాయి ఉంటే కళాయి, వీటి వల్ల వచ్చే తేడా మన కాటాకి అందదు.

కాటా విషయంలో రెండు మాటలు. సున్నా బటన్ నొక్కి గిన్నెని దింపమని చాలాచోట్ల చెబుతారు, అది సులువే కానీ నేను చెయ్యను. చవక కాటాలు సున్నా దగ్గర ఉన్నప్పుడు నెమ్మదిగా వచ్చే చిన్న మార్పుని సున్నాగానే పట్టి ఉంచుతాయి, నువ్వు జాగ్రత్తగా మెల్లగా దింపినకొద్దీ ఒకటి రెండు గ్రాములు అది మింగేస్తుంది. పైగా రెండు నిమిషాలు ఊరుకుంటే ఆరిపోతుంది, సున్నా మళ్లీ మొదటికి వస్తుంది. మొదటి అంకె, చివరి అంకె కాగితం మీద రాసుకుని తీసివేసుకుంటే ఈ గొడవ ఉండదు. ఫ్యాన్ ఆపు, కాటా కింద బల్ల ఊగకుండా చూడు, మూడుసార్లు చెయ్యి.

నీటి వేడి గురించి, బోరు నీళ్ల ఉప్పదనం గురించి ఎక్కువ టెన్షన్ పడకు. 30 డిగ్రీల దగ్గర నీటి సాంద్రత 0.996, అంటే వెయ్యికి నాలుగు తేడా. నా గ్లాసుకి ఆ లెక్క కలిపితే 8.7 కాస్తా 8.66 అయింది, అంతే. లీటరుకి ఒక గ్రాము ఉప్పున్న నీళ్లయినా వెయ్యికి ఒకటికి మించి తేడా రాదు. సముద్రపు నీళ్లు మాత్రం వాడకు, అవి 1.025.

కాటానీ నీ చేతినీ నమ్మేముందు తెలిసిన వస్తువుతో ఒకసారి పరీక్షించుకో. ఎర్తింగ్‌కి వాడే లావుపాటి రాగి తీగ, పైన ప్లాస్టిక్ తొడుగు లేనిది, ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా దొరుకుతుంది. అర కిలో తీగ చుట్టలు విడివిడిగా ఉండేలా వదులుగా చుట్టి నీళ్లలో వేలాడదియ్యి. తేడా 56 గ్రాముల దగ్గర రావాలి, సాంద్రత 8.9 రావాలి. రాకపోతే తప్పు ఎక్కడుందో వెతికాకే మామ్మగారి గిన్నె ముట్టుకో. పాత ఇనుప తూకం రాళ్లతో మాత్రం ఈ పరీక్ష చెయ్యకు, వాటి అడుగున సరి చెయ్యడానికి సీసం పోస్తారు, వాటి సాంద్రత రాయి రాయికీ మారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఇంత జాగ్రత్తగా కొలిచి 8.6 సాధించావనుకో, అప్పుడు గిన్నె కంచు అని రుజువైనట్టేనా? కాదు. ఈ మాట నీకు నచ్చకపోవచ్చు. మోగే కంచులో రాగి 78, తగరం 22 పాళ్లు సుమారుగా ఉంటాయి, సాంద్రత 8.6 నుంచి 8.8. ఇత్తడి 70:30 అయితే 8.5, 60:40 అయితే 8.4. అవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడు. నీ కాటా 1 గ్రాము వరకే చెబుతుంది, రెండు రీడింగుల తేడాలో ఒక గ్రాము అటూ ఇటూ పోవచ్చు, అప్పుడు 71 అన్నది 70 కావచ్చు, 72 కావచ్చు. సాంద్రత 8.74 కావచ్చు, 8.5 కావచ్చు. అందులో కంచూ పడుతుంది, మంచి ఇత్తడీ పడుతుంది. పైగా ఇత్తడిలో కాస్త సీసం ఉంటే, సీసం 11.3 కాబట్టి, జింకు తగ్గించినదాన్ని సీసం పెంచేస్తుంది. ఒకే ఒక్క అంకె చేతిలో పెట్టుకుని రాగి ఎంత, తగరం ఎంత, జింకు ఎంత, సీసం ఎంత అని నాలుగు ప్రశ్నలకి జవాబు రాబట్టలేం.

మా రాయిలోనూ ఇదే జరిగేది. గరివిడి, చీపురుపల్లి చుట్టూ 1890ల నుంచి మాంగనీసు తవ్వుతున్నారు. మంచి ముడిరాయి ముక్క సాంద్రత 4.5 దగ్గర తూగుతుంది, అందులో కలిసే తెల్ల క్వార్ట్జ్ 2.65. ముక్క 3.6 తూగిందంటే సుమారు సగం చోటు ముడిరాయిది, సగం క్వార్ట్జ్‌ది, బరువులో చూస్తే ముడిరాయి 64 శాతం అని లెక్క కట్టేవాళ్లం. క్వార్ట్జ్ ఒక్కటే కలిసినప్పుడు ఆ లెక్క బాగా పలికేది. కానీ మా కోడూరు పేరే పెట్టిన కోడూరైట్ అనే రాయి ఉంది, అందులో మాంగనీసు ఉన్న గార్నెట్ అనే ఖనిజం ఉంటుంది, అది 4 దగ్గర తూగుతుంది. నీళ్ల తూకంలో బాగానే ఉంటుంది, చేతిలో బరువుగా ఉంటుంది, తీరా కెమికల్ ల్యాబ్‌కి పంపితే మాంగనీసు తక్కువ, సిలికా ఎక్కువ. అందుకే నీళ్ల తూకం మాకు తోసిపుచ్చడానికి పనికొచ్చేది, ఒప్పుకోవడానికి కాదు. తేలిగ్గా ఉన్న ముక్క మంచిది కాదని ఖాయంగా చెప్పగలం. బరువుగా ఉన్నది మంచిదే అని చెప్పాలంటే ఇంకో పరీక్ష కావాలి.

నీ గిన్నెకీ అంతే. 8.4 నుంచి 8.8 మధ్య వస్తే, ఇనుము మీద పూతా కాదు, లోపల డొల్లా కాదు, జింకు పోత పోసి రంగేసిందీ కాదు, రాగి ఎక్కువున్న లోహమే అని గట్టిగా చెప్పొచ్చు. కంచా ఇత్తడా అన్నది వేరే రకంగా చూడాలి. గిన్నెని దారంతో వేలాడదీసి చెక్క గరిటె కాడతో అంచు మీద మెల్లగా తట్టు. కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి ఠక్కుమని ఆగిపోతుంది. కొట్టాయన అరచేతిలో పెట్టుకుని కొట్టి ఉంటే ఎంత మంచి కంచైనా మోగదు, సన్నటి నెర్రె ఉన్నా మోగదు, కాబట్టి వెలుతురులో అంచంతా నెర్రెల కోసం చూడు. ఇంకోటి, ఇన్నేళ్లు వాడిన గిన్నె కింద పడకుండా ఉండదు కదా, సొట్టలు ఉన్నాయేమో చూడు. కంచు పెళుసు, పడితే పగులుతుంది, సొట్ట పడదు. లోతైన సొట్టలు పడి కూడా పగలకుండా ఉందంటే అది ఇత్తడి కావడానికే ఎక్కువ అవకాశం. అడుగున కనపడని చోట ఆకురాయితో ఒక గీత గీస్తే కంచు కాస్త తెల్లబారిన లేత రంగులో, ఇత్తడి నిండు పసుపులో కనిపిస్తుంది. ఇవన్నీ చేసినా సందేహం మిగిలితే, బంగారం కేరట్ చూడటానికి వాడే ఎక్స్‌రే మిషన్ ఉంటుంది, దాని కింద పెడితే పైపొరలో రాగి, తగరం, జింకు ఎంతెంత శాతమో నిమిషంలో చెబుతుంది, గిన్నెకి గీత కూడా పడదు. పైపొరనే చూస్తుంది కాబట్టి చిలుము తోమేసిన చోట పెట్టించు.

మా అమ్మ గొలుసు కూడా ఇలా చూడొచ్చా అని చివర్లో అడిగావు. వంటింటి కాటాతో వద్దు. 10 గ్రాముల 22 కేరట్ గొలుసు ఘనపరిమాణం 0.6 మిల్లీలీటరు కూడా ఉండదు, నీ కాటా దాన్ని ఒకటి అనో సున్నా అనో చూపిస్తుంది. పైగా లోపల లక్క పోసినవి, రాళ్లు పొదిగినవి ఈ లెక్కకి అసలు లొంగవు.

మీ చెల్లి తొమ్మిదో తరగతి ప్రాజెక్టుకి ఇటుక ముక్క, చెక్క ముక్క కొలవాలన్నావు, వాటికి పద్ధతి కొంచెం మారుతుంది. చెక్క తేలుతుంది కాబట్టి దారంతో కాకుండా పైనుంచి సన్నటి సూదితో నొక్కి పూర్తిగా ముంచాలి. ఎవరు ఎంత బలంగా నొక్కినా కాటా మీద పెరిగేది మునిగిన భాగం తోసేసిన నీళ్ల బరువే. చెక్క నీళ్లు పీల్చకముందే రీడింగ్ తీసుకోవాలి. ఉప్పు, బెల్లం లాంటి కరిగేవాటికి నీళ్ల బదులు నూనె వాడి, వచ్చిన తేడాని ఆ నూనె సాంద్రతతో భాగించుకోవాలి.

ఇటుక దగ్గర నేను పడ్డ తిప్పలు చెబుతాను, అది ఆ అమ్మాయికి పనికొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రంధ్రాలున్న ముడిరాయి ముక్కల్ని పొడిగానే నీళ్లలో దింపి, కనిపించిన మొదటి అంకె రాసేసేవాణ్ణి. అంకె ఒకచోట నిలవకుండా దిగుతూనే ఉండేది, కాటా పాతదై ఊగుతోందనుకున్నాను. ఒక వారం శాంపిళ్లన్నీ ఉన్నదానికంటే తేలిక అని రిపోర్టులోకి వెళ్లిపోయాయి. మా పెద్దాయన ఒకరు వచ్చి ఏమీ అనకుండా నా పక్కన నిలబడి నీళ్లలోకి చూపించారు. రాయిలోంచి సూది మొనంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తున్నాయి. రాయి నీళ్లు తాగుతోంది, తాగినకొద్దీ తోసేసే నీళ్లు తగ్గుతున్నాయి, అందుకే అంకె దిగుతోంది. ఆ వారం శాంపిళ్లు మొత్తం ఒక రోజు నానబెట్టి మళ్లీ తూచాను. అప్పటి నుంచి అంకె నిలబడేదాకా పెన్ను తియ్యలేదు.

కాబట్టి ఇటుక ముక్కని ముందు బాగా ఎండబెట్టి తూచండి, 540 గ్రాములు అనుకుందాం. 24 గంటలు నానబెట్టి, తడి గుడ్డతో పైపైన తుడిచి మళ్లీ తూచండి, 634 అనుకుందాం. ఆ 94 గ్రాములు రంధ్రాల్లోకి వెళ్లిన నీళ్లు. నానిన ముక్కనే దారంతో వేలాడదీస్తే కాటా తేడా 312 వచ్చిందనుకో. మొత్తం ఇటుకగా సాంద్రత 540 బై 312, 1.73. నీళ్లు దూరిన రంధ్రాలు తీసేసి చూస్తే 540 బై 218, అంటే 2.48. రెండూ నిజమే, ఏది రాస్తున్నారో పక్కన రాయాలి. ఆ 94ని 540తో భాగిస్తే 17 శాతం వస్తుంది. మామూలు ఇటుక 24 గంటల్లో తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు తాగకూడదని మన ఇటుకల ప్రమాణం చెబుతుంది, కాబట్టి సాంద్రత కోసం మొదలుపెట్టిన ప్రాజెక్టులోనే ఇటుక నాణ్యత కూడా తేలిపోతుంది, టీచర్‌కి అది చూపిస్తే మంచిది.

నువ్వు ముందు రాగి తీగతో కొలిచి, తరవాత గిన్నె మూడుసార్లు కొలిచి, అంకెలు ఏవీ సవరించకుండా మొదటి రీడింగ్, చివరి రీడింగ్ విడివిడిగా ఇక్కడ రాయి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కూడా రాయి. అంచు మీద సొట్టలు ఉన్నాయా నెర్రెలు ఉన్నాయా, వేలాడదీసి తడితే ఎన్ని సెకన్లు మోగిందో ఫోన్లో రికార్డు చేసి చూసి చెప్పు. లెక్క నేను చూస్తాను. అప్పటిదాకా గిన్నెని ఆ కొట్లో మార్చేయకు.